నల్లపూసలు ఎవరు కట్టాలి

మూడుసార్లు అడిగేదాకా నోరు విప్పకూడదట, మొదటిసారికి తల దించుకోవాలి, రెండోసారికి కళ్లొత్తుకోవాలి, మూడోసారికి గాని ఊఁ అనకూడదు, మేనత్త కాశింబీ పొద్దుటి నుంచి చెప్పి చెప్పి ప్రాణం తీస్తోంది, ఆత్రం చూపించావంటే మగపెళ్లివాళ్లు ఏవనుకుంటారే షబ్రీన్ అని, అసలు ఆత్రం లేనట్టు ఎలా ఉంటారో ఈ మనుషులు, ఇక్కడ గుండె చూస్తే పరుగుపందెంలో ఉన్నట్టు కొట్టుకుంటోంది, కంకిపాడు ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురి గదికి ఉన్నది ఒకే కిటికీ, అందులోంచి బందరు రోడ్డు బస్సుల హారన్లు, వెనక నుంచి దాల్చా వాసన, అయ్యో ఆకలి కూడా వేస్తోంది, పెళ్లికూతురికి ఆకలి వేయొచ్చా అని అడిగితే అత్త దానికీ ఒక ఆనవాయితీ చెబుతుంది, అతను వచ్చేశాడట, చల్లపల్లి నుంచి రెండు బస్సుల్లో వచ్చారట, జానీబాషా, గన్నవరం ఎయిర్‌పోర్టులో ఏసీ మెకానిక్కు, పెళ్లిచూపులనాడు తల ఎత్తకుండా కూర్చుని చివరికి ఒకే ఒక్క మాట అన్నాడు, మీ ఫ్యాను బేరింగు పోయిందండీ అని, అందరూ నవ్వారు, తను మాత్రం ఆ మాటకే పడిపోయింది, ఇంట్లో మూడేళ్లుగా ఎవరూ పట్టించుకోని చప్పుడును అతను విన్నాడు గదా, తలుపు దగ్గర మగాళ్ల గొంతులు, పెళ్లికూతురి ఇష్టం అడిగే వకీలుగా వచ్చింది పెద్ద మావయ్య, వెనకాల ఇద్దరు సాక్షులు, అత్త గబగబా ముసుగు కిందికి లాగింది, మావయ్య గొంతు సవరించుకున్నాడు, అమ్మా షబ్రీన్, చల్లపల్లి కాపురస్తులు మస్తాన్‌వలీ గారబ్బాయి జానీబాషాతో, రెండు కాసుల బంగారం మెహరుకి, నీ నికా చేయడం నీకు, ఇష్టమే మావయ్యా.

ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత ఇంకెవరూ ఆగలేదు, నన్ను అడగనియ్యవే తల్లీ అని మావయ్య కూడా నవ్వాడు, అత్త నెత్తి కొట్టుకుంది, సిగ్గు వేసింది గాని సంతోషం సిగ్గుకంటే పెద్దదిగా ఉంది, హాల్లోకి వెళ్లిన మావయ్య మాట, ఖాజీగారి మైకు, ఖుత్బా ప్రసంగం, కబూల్ అన్న అతని గొంతు, ఆ గొంతు వణికింది, వణికింది, తను స్పష్టంగా విన్నది, దువా అయిపోయింది, ఖర్జూరాలు పంచుతున్నారు, పెళ్లయిపోయింది.

షరీయతు ప్రకారం ఇక్కడితో అంతా అయిపోయినట్టే, అన్నయ్య నాగుల్‌మీరా రెండు నెలలుగా చెబుతున్నది ఇదేగా, నీ ఇష్టం, అతని ఇష్టం, సాక్షులు, పెళ్లికొడుకిచ్చే మెహరు, ఇంతకుమించి నికాకి ఏవీ అక్కర్లేదే, నల్లపూసలు ఎక్కడున్నాయో చూపించు అని, తను ఊరుకుంటుందా, బిర్యానీ ఎక్కడుందో నువ్వు చూపించు అంది, మనం దూదేకే నూర్‌బాషాలం, నమాజు అరబ్బీలో చేసుకుంటాం, పోట్లాటలు తెలుగులో పెట్టుకుంటాం, తాతల నాటి నుంచి మనాళ్లు కట్టుకుంటున్నారన్నయ్యా, నానమ్మ కట్టుకుంది, అమ్మ కట్టుకుంది, ఆనవాయితీ, ఆనవాయితీ అని ఇల్లెగిరిపోయేలా అరిచింది, హరామని నేనన్లేదే, మన మతంలో, దీన్‌లో లేదన్నా అంతే అని అన్నయ్య గడ్డం నిమురుకుంటూ వెళ్లిపోయాడు, తను గెలిచింది, ఇదిగో ఇప్పుడు పళ్లెంలో ఆ పూసలు వస్తున్నాయి, మధ్య మధ్య చిన్న బంగారు గుండ్లు, ఎంత బాగున్నాయో, మెడ దానంతటదే ముందుకు వంగింది.

ముత్తయిదువలు ముందుకి రండమ్మా, అత్త పిలిచింది, పట్టుచీరలన్నీ చుట్టూ మూగాయి, పుట్టింటి ముత్తయిదువ చెయ్యి పడాలి, నేను కడతా అంటూ అత్త దండ అందుకుంది, అమ్మేదీ, ముసుగు కొంచెం ఎత్తి చూసింది, చిన్నమ్మలున్నారు, వదినలున్నారు, మగపెళ్లివాళ్లావిడ ఎవరో కూడా ఉంది, అమ్మ లేదు, అమ్మ గుమ్మం అవతల ఉంది, తను విజయవాడలో పట్టుబట్టి కొనిపెట్టిన నీలం చీరలో, చేతిలో చల్లటి నీళ్ల సీసాల ట్రేతో, గోడకు ఆనుకుని, లోపలికి రా అమ్మా అంటే నేనిక్కడ బానే ఉన్నాలే కానియ్యండి అంది, అత్త చెవి దగ్గరకు వంగి, మీ అమ్మ ఇప్పుడు ముట్టకూడదు తల్లీ, నీ మంచికే, మన ఆనవాయితీ అంది, అంటున్నప్పుడు అత్త కళ్లలో కూడా నీళ్లున్నాయి, పోయింది ఆమె తమ్ముడే గదా, పరుపుల షాపులో దూది ఏకుతూ ఏకుతూ కూలబడిపోయిన నాన్న, మూడేళ్లయింది, ఆ మాట మాత్రం తనకు చెంపదెబ్బలా తగిలింది, ఆనవాయితీ, తను అరిచి అరిచి గెలిపించుకున్న మాట.

ఆగత్తా, దండ మెడను తాకబోతోంది, తను రెండు చేతులూ అడ్డం పెట్టింది, అన్నయ్యా అని అరిచింది, హాలంతా వినపడేలా అరిచింది, పెళ్లికూతురు అరవొచ్చా, ఎవరేమన్నా అనుకోనీ, నాగుల్‌మీరా పరుగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు, ఏవైందే, అన్నయ్యా, భర్త పోయినావిడ శుభకార్యంలో చెయ్యి వెయ్యకూడదని దీన్‌లో ఉందా, అతనికి మొదట అర్థం కాలేదు, తర్వాత పక్కకు చూశాడు, ట్రే పట్టుకుని నిలబడ్డ అమ్మను చూశాడు, అతని ముఖం మారిపోయింది, ఎక్కడా లేదు, భర్త పోయాక నాలుగు నెలల పదిరోజుల గడువు, ఇద్దత్, అది ఎప్పుడో తీరిపోయింది, ఆ తర్వాత ఆవిడకి ఏ అడ్డూ లేదత్తా, ట్రే అందుకుని పక్కన పెట్టాడు, నువ్వే కట్టమ్మా, అత్త ఒక్క నిమిషం దండను గుప్పిట్లో పట్టుకుని నిలబడింది, ఇవ్వదేమో, చివరికి కొంగుతో కళ్లు తుడుచుకుని, రావే సైదమ్మా, పిల్ల ఎంతసేపు మెడ వంచుకుని కూచుంటుంది అంది.

అమ్మ వచ్చింది, వేళ్లు సీసాల చలికి చల్లగా ఉన్నాయి, కొక్కెం ఎంతకీ పడటం లేదు, నెమ్మదిగానే పెట్టమ్మా తొందరేం లేదు అని తను నవ్వుతోంది, ఏడుస్తోంది, ఎంత ఆనందంగా ఉందో, అంతలో ఉన్నట్టుండి తట్టింది, ఆ రెండు నెలల గొడవలో అన్నయ్యే గెలిచి ఉంటే పూసలు ఉండేవి కావు, ముత్తయిదువల పిలుపు ఉండేది కాదు, అమ్మ హాయిగా తన పక్కనే కూర్చునేది, ఆ సంగతి తనకు తోచలేదు, అన్నయ్యకూ తోచలేదు, అమ్మకు మాత్రం మొదటిరోజు నుంచీ తెలుసు, గుమ్మం బయట నిలబడాల్సి వస్తుందని తెలిసి తెలిసి, పిల్ల ముచ్చట పడుతోంది కట్టుకోనియ్యరా నాగులూ అని అన్నయ్యను ఒప్పించింది అమ్మే.