తల తిప్పని బొమ్మ

దెయ్యం సినిమా తీసేవాళ్లకు దెయ్యం వల్ల కష్టాలొచ్చాయంటే అందులో ఒక అందం ఉంటుంది. డైరెక్టర్ ధర్మతేజ గారి యూనిట్‌కు అంత అదృష్టం కూడా లేదు. వాళ్ల దెయ్యం పని మానేసింది.

నర్సీపట్నం నుంచి గొలుగొండ వెళ్లే రోడ్డులో మూతపడ్డ జీడిపిక్కల ఫ్యాక్టరీలో రెండో భాగం షూటింగ్. ఇరవై రెండు రోజులుగా ఒక్క పనీ సవ్యంగా సాగలేదు. వానకు సెట్టు గోడ కూలింది. హీరోయిన్ వేరే సినిమా ఉందని వెళ్లిపోయింది. బొమ్మను ఒళ్లో పెట్టుకుని ఆడుకోవలసిన ఎనిమిదేళ్ల చిట్టితల్లి, ఆ బొమ్మ ఉన్న గదిలోకే రానని వాళ్లమ్మ లోవమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తోంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, అసలు బొమ్మే తల తిప్పడం లేదు. నిర్మాత ఫోన్ చేసి, శనివారంలోగా బొమ్మ తల తిప్పే సీనూ పిల్ల సీనూ రాకపోతే సామాను సర్దేయమన్నాడు.

ఆ మాట రోజారమణికి అందరికన్నా గట్టిగా తగిలింది. ముందు షాట్‌లో గాజులు ఏ చేతికి ఉన్నాయో తరువాతి షాట్‌లోనూ ఆ చేతికే ఉండేలా చూసే అసిస్టెంటు ఆమె. నర్సీపట్నం పిల్లే. ఇది మొదటి సినిమా. తెరమీద పేరు పడుతుందని వాళ్లమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది. ఇప్పుడు సినిమా ఆగిపోతే ఆ వీధిలో తలెత్తుకుని నడవడం కష్టం.

మొదటి భాగం కథ అందరికీ తెలిసిందే. లక్క బొమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, లైట్లు వేసి, కెమెరా ఆపడం మరిచిపోయి అందరూ భోజనానికి పోయారు. తిరిగొచ్చేసరికి, గోడవైపు చూస్తున్న బొమ్మ గుమ్మంవైపు చూస్తోంది. ముట్టుకున్నవాళ్లు లేరు. కెమెరాలో చూస్తే తల మెల్లగా, దానంతట అది తిరిగింది. ఆ ముప్పావుగంటను అరనిమిషానికి కుదించి సినిమాలో పెడితే హాళ్లలో జనం కేకలు పెట్టారు. ధర్మతేజ గారు ప్రతి ఇంటర్వ్యూలోనూ ఇదే చెప్పి, చివర చేతులు జోడించేవారు.

ఇప్పుడు అదే బొమ్మ, అవే లైట్లు. గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు కట్టారు. మూడు రోజులు కెమెరా ముందు కూర్చోబెట్టినా బొమ్మ మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా కదల్లేదు. లోపల మోటారు పెట్టి చూశారు. టేబుల్ ఫ్యాన్ తిరిగినట్టు తిరిగింది. ప్రతిదానికీ చిరాకు పడుతున్న ధర్మతేజ గారు, "బొమ్మలో ఉన్న అమ్మకి మన మీద కోపం వచ్చింది," అని తేల్చేశారు.

రోజారమణికి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు. ఏది ఎందుకు జరిగిందో తెలిసేదాకా అన్నం సయించదు. మంగళవారం మధ్యాహ్నం పాత ఫోటోలు ముందేసుకుని బొమ్మ దగ్గర కూర్చుంది. బొమ్మ చేసినప్పటి ఫోటోలో మెడమీది ఎర్రగీత, భుజంమీది ఎర్రగీత ఒకే వరుసలో ఉన్నాయి. ఇప్పుడు వాటి మధ్య బొటనవేలంత ఎడం. మెడచుట్టూ లక్క సన్నగా బీటలు వారింది. అంటే తల ఆ రోజు తిరిగింది, అక్కడే ఉండిపోయింది. దెయ్యమైతే ఓసారి వెనక్కి కూడా తిరగాలి కదా, ఒక్కసారి తిరిగి ఊరుకునే దెయ్యం ఏం దెయ్యం అనుకుంది రోజారమణి. దీన్ని చేసిన మనిషినే అడగాలనిపించింది.

బుధవారం పొద్దున్నే బండి మీద కోటవురట్ల దాటి ఏటికొప్పాక వెళ్లింది. బొమ్మ చేసిన అప్పయమ్మకు యాభై దాటాయి. మిషను మీద అంకుడు కర్ర తిరుగుతుంటే, రంగులక్క అద్ది, మొగలాకుతో మెరుగు పెడుతోంది. విషయం విని, చేతిలో పని ఆపకుండానే అంది.

"దెయ్యమేనమ్మా. నాకేటి తెలుసు."

రోజారమణికి అక్కడే అనుమానం వచ్చింది. తను చేసిన బొమ్మకు దెయ్యం పట్టిందని ఏ బొమ్మలమనిషీ అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఆమె వసారాలోకి చూసింది. అంకుడు కర్రలు దొంతరగా పేర్చి ఉన్నాయి. ప్రతి దుంగ మొనమీదా తేదీ రాసి ఉంది.

"ఈ తేదీలేంటి పిన్నిగారూ?"

"కొట్టిన రోజు. మూడు నెలలు ఆరితేగానీ మిషను ఎక్కించకూడదు. ఇదిగో, ఇలా రెండు కర్రలు కొట్టి సూడాలి. ఆరింది గణగణమంటాది. పచ్చిది మొద్దుగా పలుకుద్ది."

"పచ్చిది ఎక్కిస్తే ఏమవుతుంది?"

మిషను ఆగింది. అప్పయమ్మ చేతులకంటిన లక్క గోక్కుంటూ చెప్పింది.

"సినిమావోలు వొచ్చి, ఎల్లుండికి మూరెడు బొమ్మ కావాలన్నారు. అంత లావు ఆరిన కర్ర లేదు. ఏజెన్సీ కొండల నుంచి దిగి నాలుగు రోజులైన దుంగ ఉంది. రెండ్రోజులు వాడి పారేస్తారు కదా అని దాన్నే తిప్పీసాను. అది మెలికల కర్ర. ఎండేటప్పుడు మెలితిరుగుద్ది. తలకింద బిరడా లాంటి కాడ ఒకటి వొదిలి, మొండెం కన్నంలో దింపి లక్కతో అతుకుతాం. లైట్ల ఏడికి లక్క మెత్తబడి ఉంటాది, బిరడా ఆరి మెలితిరిగి ఉంటాది. తల దాంతోపాటు తిరిగింది. ఇప్పుడా కర్ర పూర్తిగా ఆరిపోయింది. ఇంక సచ్చినా తిరగదు."

రోజారమణికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇంత చిన్న సంగతికి ఇన్ని నిమ్మకాయలు కట్టారా అని నవ్వొచ్చింది కూడా. "మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"ఎలా సెప్తానమ్మా? మా ఈదిలో మిషను కాడ కూకున్న మొదటి ఆడదాన్ని నాను. ఆడది తిప్పిన బొమ్మ పదిరోజులకే పగిలిపోద్దన్నారు. ముప్పై ఏళ్లు, ఒక్కటి పగల్లేదు. దెయ్యమంటే బొమ్మకి సెడ్డపేరు. పచ్చికర్ర అంటే నాకు సెడ్డపేరు. అందుకే దెయ్యాన్నే ఉండనిచ్చాను."

అలాంటిదే ఇంకొకటి పచ్చికర్రతో చేసిపెట్టమని రోజారమణి బతిమాలింది. తెలిసి తప్పుడు పని చేయనని అప్పయమ్మ ఒకటే మాట. శనివారం సంగతి, తెరమీద పేరు సంగతి, వాళ్లమ్మ వీధంతా చెప్పిన సంగతి చెప్పాక మెత్తబడింది.

"సేస్తాను. పచ్చికర్రన్న మాట మాత్రం నీ నోట రాకూడదు."

"రాదు పిన్నిగారూ. మా అమ్మ మీద ఒట్టు."

శుక్రవారం పొద్దున్న అప్పయమ్మ సంచిలో బొమ్మ పెట్టుకుని తనే వచ్చింది. పాతదానికి కవలపిల్లలా ఉంది. పాత బొమ్మనే ఈ మనిషి బాగుచేసిందని మాత్రం రోజారమణి అందరికీ చెప్పింది. లైట్లు వేశారు, కెమెరా ఆన్ చేశారు, ఈసారి భోజనానికి ఎవరూ పోలేదు. గంటకి కాస్త ముందు ఎర్రగీత కదిలింది. తల మెల్లగా, మెల్లగా గుమ్మంవైపు తిరిగింది. తెలిసి చూస్తున్నా రోజారమణి ఒళ్లు జలదరించింది.

ధర్మతేజ గారు నేలమీద సాష్టాంగపడ్డారు. "అమ్మ దిగొచ్చింది! ఇప్పుడు పాపను తీసుకురండి, ఒళ్లో పెట్టండి."

చిట్టితల్లి గుమ్మంలోంచి అంతా చూసింది. గొంతు చించుకుని కేకపెట్టి పరుగెత్తబోయి, గడప తగిలి పడింది. మోకాలు గీరుకుపోయింది. లోవమ్మ పిల్లను ఎత్తుకుని, "మీ సినిమా వొద్దు, మీరూ వొద్దు. ఇంక దీన్ని పంపను. రాత్రుళ్లు జడుసుకుంటంది," అని చెప్పుల కోసం వెతుక్కుంది.

రోజారమణి నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే పిల్ల భయం పోతుంది, సినిమా నిలబడుతుంది, తన పేరు పడుతుంది. ఒట్టు గుర్తొచ్చి మూసుకుంది. మింగలేక కక్కలేక అప్పయమ్మవైపు చూసింది.

అప్పయమ్మ రోజారమణిని చూడటం లేదు. పిల్లనే చూస్తోంది. ముప్పై ఏళ్లుగా పిల్లలు ఆడుకోవడానికని బొమ్మలు చేసిన మనిషి. తన బొమ్మను చూసి ఒక పిల్ల పారిపోవడం కళ్లారా చూడటం ఆమెకు ఇదే మొదటిసారి. ఆమె ముఖం చిన్నబోయింది.

లేచి లైట్ల మధ్యకు నడిచింది. బొమ్మ తలను రెండు చేతులతో పట్టి లాగేసింది. యూనిట్లో సగం మంది కళ్లు మూసుకున్నారు.

"ఇలా రాయే తల్లీ. దెయ్యం లేదు, ఏటీ లేదు. సూడు, ఈ బిరడా పట్టుకో. సెమ్మగా లేదూ? ఇది పచ్చికర్ర. ఆరేటప్పుడు మెలితిరుగుద్ది. తప్పు నాది. అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే."

నలభైమంది విన్నారు. వాళ్లలో ఏటికొప్పాక నుంచి సెట్టు పనికి వచ్చిన వడ్రంగులు ఇద్దరు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ధర్మతేజ గారు మోకాళ్ల మట్టి దులుపుకుంటూ, ఇంటర్వ్యూలన్నీ గుర్తొచ్చాయో ఏమో, గోడవైపు తిరిగారు.

చిట్టితల్లి తల్లి చంక దిగింది. కుంటుకుంటూ వచ్చి ముందు వేలితో తాకింది, తరువాత వాసన చూసింది. మొండెం కన్నంలోకి ఒక కన్ను పెట్టి చూసింది. తల తీసుకుని తనే బిగించింది, మళ్లీ పీకింది.

"ఇది నాకిచ్చెత్తారా?"

"ఇది వొద్దమ్మా, పగిలిపోద్ది. నీకు మంచిది సేస్తాను. ఆగాల మరి."

శనివారం పిల్ల సీను మూడో టేకులో ఓకే అయింది. బొమ్మను ఒళ్లోంచి వదలమంటే చిట్టితల్లి వదల్లేదు, అదొక్కటే ఇబ్బంది.

మూడు నెలల తరువాత రోజారమణి మళ్లీ ఏటికొప్పాక వెళ్లింది. వీధి మొదట్లో ఇల్లు అడిగితే, "పచ్చికర్ర అప్పయమ్మా?" అన్నారు. ఆమెకు చివుక్కుమంది. తన పేరు తెరమీద పడబోతున్నందుకు ఈ మనిషి పేరు ఇలా అయిందే అని బాధపడింది.

అప్పయమ్మ ఆ ఊసే ఎత్తలేదు. దొంతరలోంచి ఒక దుంగ తీసి చూపించింది. మొనమీద తేదీ, దానికింద వంకర అక్షరాలతో చిట్టితల్లి పేరు. దాన్ని ఇంకో కర్రతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. గణగణమని రోజారమణికి కూడా వినబడింది.

"మూడు నెలలు నిండాయి కదా పిన్నిగారూ, ఇంకెందుకు ఆలస్యం?"

"నిండాయి," అంది అప్పయమ్మ, దుంగను మళ్లీ దొంతరలో పెట్టేస్తూ. "అయినా ఇంకో పదిరోజులు ఆరనీ."