ఉతకని పేలిక

"పోలీసైతే మొగుని గుడ్డలు ఉతకగూడదని యాడన్నా రాసుండాదా?" అంది అత్త ఓబమ్మ. డ్యూటీకి ఆలస్యమవుతున్నా చౌడేశ్వరి బకెట్ ముందు కూర్చుంది. భర్త శశికుమార్ ఆటో అద్దం తుడిచే పేలికలు కూడా ఆమే ఉతకాలి. వాటిలో ఆకుపచ్చది ఒకటి, మూల ముడేసి ఉంది. పోయిన ఏడు ఒక ఎర్ర పేలికకున్న ఇలాంటి ముడి విప్పినందుకు "ఎవరు విప్పమన్యారు నిన్ను?" అని చెంబు విసిరాడు. ఎందుకొచ్చిన గొడవని దాన్ని తొట్టి గట్టు మీద పడేసి, ఖాకీ తొడుక్కుని పరుగెత్తింది.

తొలకరి పడితే వజ్రకరూరు చేలల్లో ఆడవాళ్లు వజ్రాలు వెతుకుతారు. మెరిసిన రాయినల్లా కొంగున ముడేసుకుంటారు. ఏ చేనికి పోతున్నదీ తోబుట్టువుకు కూడా చెప్పరు, ముందే పోయి ఏరుకుంటారని భయం. ఆ చేలల్లోనే పోయిన ఏడు ఒకామెను, మొన్న ఇంకొకామెను ఎవరో చంపేశారు. ఆంజి అనే దేశదిమ్మరిని స్టేషన్లో కూర్చోబెట్టారు. రేపు కోర్టుకు తీసుకుపోతారు.

ఆ రోజు వరస హత్యల గురించి చెప్పడానికి అనంతపురం నుంచి నేరశాస్త్రం చదివిన ఒక మేడం వచ్చింది. చౌడేశ్వరికి కుర్చీ వెయ్యలేదు, టీ అందించమన్నారు. ఆమె కూడా కానిస్టేబులేనని ఆ మగవాళ్లకు ఎప్పుడు గుర్తుంది గనక!

"మా కాలంలో ఇంత చదువు యాడిది మేడమ్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ వెంకటేశులు. "ఊరూరు తిరిగేటోళ్లను పట్టుకొచ్చి నాలుగు తగిలిస్తే ఎవడో ఒకడు ఒప్పుకుంటాండె."

"ఒప్పుకున్నాక హత్యలు ఆగేవా?"

వెంకటేశులు టీ గ్లాసు అందుకున్నాడు. మేడం అందరి వైపూ తిరిగింది.

"ఒకప్పుడు ముఖం చూసి నేరస్థుడన్నారు. తర్వాత పుట్టుక చూసి అన్నారు. ఆ తర్వాత పిచ్చివాడన్నారు, ఒంటరివాడన్నారు. ఇప్పుడు వాడు చేసిన పనిని చూస్తాం. ఇద్దరి కొంగు చివరలూ కోసేసి ఉన్నాయి. రాళ్ల కోసమైతే విప్పుకుని పోయేవాడు. వీడికి ముడే కావాలి, కళ్లెదుట ఉంచుకుంటాడు. ఎవరికీ చెప్పని చేను వీడికెలా తెలిసింది? వాళ్లు నమ్మినవాడు కాబట్టి. పెళ్లాం, మంచి పేరు అన్నీ ఉండొచ్చు."

చౌడేశ్వరి టీ పళ్లెం బల్ల మీద పెట్టేసింది. ఆడవాళ్లు ఆ గుట్టు చెప్పేది ఒక్కరికే, చేను దగ్గర దింపే ఆటో మనిషికి. "శశన్న నోరు విప్పడక్కా" అని వాళ్లు మెచ్చుకుంటే ఎంత మురిసిపోయిందో! పోయిన ఏటి ఎర్ర పేలిక గుర్తొచ్చింది. ఇంజనాయిల్ మరక అనుకుని, సబ్బు అరిగేదాకా రుద్ది, ఎండలో ఆరేసింది. అతను ఏదీ దాచలేదు. ఉతికే మనిషి ఉతకడమే గానీ చూడదని అంత ధీమా. అసహ్యం వేసింది, అతని కంటే ముందు తన చేతుల మీద.

ఇల్లు చేరేసరికి మబ్బు కమ్ముకుంది. శశికుమార్ ఆటో కడుగుతున్నాడు.

"వాన పడేటట్టుండాది. పొద్దున్నే సిద్దమ్మను చేన్లో దించాల. నా పచ్చగుడ్డ యాడ?" నవ్వుతూనే అడిగాడు.

"ఇంకా ఉతకలేదు."

"పొద్దున్నుంచీ ఏం చేస్తాండావే? ఇట్ల తే, నేనే ఉతుకుతా," అని అత్త లోపలి నుంచి కేకేసింది.

చౌడేశ్వరి గట్టు మీది పేలికను ముడితో సహా ఖాకీ జేబులో పెట్టి గుండీ వేసుకుంది. అతని నవ్వు ఆగిపోవడం చూసింది. అయినా తల దించలేదు.

"ఇది ఉతికేది కాదత్తా," అని మళ్లీ స్టేషన్ దారి పట్టింది.