పన్నెండో గాలిసంచి

పొట్ట తెరిచి ఆపరేషన్ చేసినప్పుడు, మూసేముందు లోపలికి వెళ్లిన ప్రతి గుడ్డముక్కా లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా సూది ముట్టుకోకూడదు. ఇరవై రెండేళ్ల కిందట నా చేత ఇది వల్లె వేయించింది మా పెద్ద డాక్టరుగారే. అందుకే, ఆఫ్రికా దక్షిణాన ఉన్న ఒక చిన్న ఆస్పత్రికి ఉచితవైద్యం చేయడానికి బయలుదేరే రోజు పొద్దున, స్టోర్ రూములో ఆరు పెట్టెలూ మూసేముందు మళ్లీ లెక్కపెట్టాను.

ఐదు సరిపోయాయి. ఆరోదాంట్లో గాలిసంచులు లేవు. పుట్టగానే ఏడవని బిడ్డ మూతికి మాస్కు ఆనించి, రబ్బరు సంచి నొక్కి ఊపిరి అందిస్తామే, అవి. పన్నెండు. నిన్న నా చేత్తో సర్దినవి. వాటి స్థానంలో యాభై టీషర్టులు, టోపీలు, చుట్టి పెట్టిన బ్యానరు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు!

ఇది డాక్టరుగారి బావమరిది నిర్వాకం. మా ట్రస్టు పనులన్నీ ఆయనే చూస్తాడు. బావమరిది బతకగోరతాడంటారు, ఈయన బావగారి ఫోటో బతకగోరతాడు. అడిగితే, బల్ల మీద కూర్చుని కెమెరా తుడుచుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"చోటంతా అవే తినేస్తున్నాయి సిస్టర్. లోపల ఉన్నది గాలే కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. గాలేనట! అక్కడి నర్సు రాసిన ఉత్తరం నా జేబులోనే ఉంది. వాళ్ల కాన్పుల గదిలో ఉన్నది ఒకే ఒక్క సంచి. పోయిన నెల ఒకే పూట ఇద్దరు పిల్లలు ఏడవకుండా పుట్టారు. ఒకరికే పెట్టగలిగింది. రెండో బిడ్డ తల్లి రోజూ గేటు దగ్గర కనిపిస్తోందట. ఆమె మొహం చూడలేక వెనక గుమ్మంలోంచి వస్తున్నానని రాసింది. మందులేవీ అడగలేదు ఆవిడ, ఇవే అడిగింది.

వ్యాను వచ్చేసింది. డాక్టరుగారు లోపలికి వచ్చి సంగతి విన్నారు. ఈసారికి సర్దుకోమన్నారు, అవి వచ్చే ఏడు పంపిద్దామన్నారు, బ్యానరు లేకపోతే దాతలు నొచ్చుకుంటారన్నారు. ఇన్నేళ్లలో ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగను. కానీ ఆయన వంగి జిప్పు లాగుతుంటే ఒళ్లు మండిపోయింది.

"లెక్క తేలలేదు సార్," అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆపరేషన్ థియేటర్లో ఆ మాటకు ఎలా ఆగుతుందో అలాగే. కాసేపు పెట్టెలోకే చూశారు. తర్వాత బ్యానరు తీసి కింద పడేస్తే అది సగం విప్పుకుంది. దాని మీద నవ్వుతున్న పసిపాప బొమ్మ ఉంది. టీషర్టులూ, టోపీలూ కూడా తీసేశారు. అలమర వెనక కుక్కిన గాలిసంచుల్ని నేను ఒక్కొక్కటే అందిస్తుంటే, ఆయనే పైకి లెక్కపెడుతూ సర్దారు.

పదకొండు దగ్గర ఆగాం. అలమర కింద వెతికాను, అట్టపెట్టెలు తిరగేశాను. అంతలో బల్ల మీంచి బుస్సుబుస్సుమని చప్పుడు. బావమరిదిగారు పన్నెండోదాన్ని నొక్కుతూ కెమెరా అద్దం మీది దుమ్ము ఊదుకుంటున్నాడు.

డాక్టరుగారు ఆయన వైపు చూడనైనా చూడలేదు. ఆపరేషన్ మధ్యలో కత్తెర అడిగినట్టు, అరచెయ్యి పక్కకు చాపి ఊరుకున్నారు. బావమరిదిగారు బల్ల దిగి వచ్చి ఆ చేతిలో సంచి పెట్టాడు.

"పన్నెండు," అన్నారు. "ఇక మూయండి సిస్టర్."