ఏప్రిల్ మంచు మీద వాన

"సాత్వికకి రెండు జతల సాక్సులు పెట్టావా?" మేడ మీద నుంచి గోపీకృష్ణ అడిగాడు.

పెట్టాను. థర్మల్స్, గ్లవ్స్, డబ్బా నిండా పులిహోర కూడా పెట్టాను. ఈ శనివారం దాటితే స్కీయింగ్ సీజన్ దాదాపు అయిపోయినట్టే. కెనడాలో మేముండే కనాటా నుంచి రెండు గంటల దూరంలో ఉన్న కొండకి తండ్రీకూతుళ్ళు రేపు పొద్దున్నే బయల్దేరతారు. సర్దడం నా వంతు.

ఆ కొండ మీద ఎప్పుడు ఎంత మంచు పడుతుందో స్కీయర్లకి చెప్పే ఫోర్‌కాస్ట్ రాసేది కూడా నేనే. విశాఖలో వాతావరణ శాస్త్రం చదివాను. ఇక్కడికొచ్చాక నాలుగేళ్ళపాటు 'కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదు' అనిపించుకుని, చివరికి స్కీ కొండల వాళ్ళకి ఫోర్‌కాస్ట్‌లు అమ్మే ఒక చిన్న కంపెనీలో ఇంటి నుంచి చేసే ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. "మబ్బుల్ని చూసి చెప్పడానికి కూడా జీతమిస్తారా?" అని మా అత్తగారు ఫోన్‌లో నవ్వారు. "ఇంట్లో కూర్చుని చేసేదేలే అమ్మా" అని గోపీకృష్ణ సర్దిచెప్పాడు. నన్ను వెనకేసుకొచ్చాననే అనుకున్నాడు. నేను గాలుల పటాలు చూస్తుండగానే కుక్కర్ కూస్తుంది, వాషింగ్ మెషీన్ ఆగుతుంది, స్కూల్ నుంచి ఫోన్ వస్తుంది. ఫోర్‌కాస్ట్ కింద మాత్రం నా పేరు ఉండదు.

ఆ శుక్రవారం నేను రాసింది ఇది: శనివారం పొద్దున పదింటి వరకు పదిహేను సెంటీమీటర్ల మంచు. తర్వాత దాని మీద వాన. రెండింటికల్లా చలి ఒక్కసారిగా పెరిగి తడిసిన మంచంతా ఐసులా బిగుసుకుపోతుంది; పన్నెండుకే కొండ దిగడం మంచిది.

గంట తర్వాత చూస్తే కంపెనీ వెబ్‌సైట్‌లో పదిహేను సెంటీమీటర్ల మంచు మాటే మిగిలింది. మేనేజర్ వికాస్‌కి ఫోన్ చేశాను.

"వాన అంటే ఎవరొస్తారండీ? సీజన్‌లో ఇదే లాస్ట్ మంచి వీకెండ్. కొంచెం పాజిటివ్‌గా ఉందాం" అన్నాడు.

వంటింట్లోకి వచ్చిన గోపీకృష్ణకి చెప్పాను. "పన్నెండుకల్లా పిల్లని కిందికి తీసుకొచ్చెయ్. వాన పడి గడ్డకడుతుంది."

అతను తన ఫోన్ తీసి చూపించాడు. "ఫోర్‌కాస్ట్‌లో వాన మాటే లేదే?"

"అది రాసిందే నేను. వికాస్ ఆ ముక్క తీసేశాడు."

"తీసేశాడంటే ఏదో కారణం ఉంటుందిలే. నీకు అన్నిటికీ భయమే."

నాలుగు మాటలు నోటిదాకా వచ్చాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పాలు దించాను.

శనివారం మూడున్నరకి ఫోన్ వచ్చింది. ఐసు మీద జారి సాత్విక మణికట్టు విరిగింది. "అంత తెలిసినదానివి గట్టిగా చెప్పొచ్చుగా!" అని హాస్పిటల్ నుంచి గోపీకృష్ణ అరిచాడు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్ళు మండింది.

ఆదివారం పొద్దున, కుడిచేతికి కట్టుతో కూర్చున్న పన్నెండేళ్ళ పిల్లకి ఉప్మా తినిపిస్తున్నాను.

"అమ్మా, డిడ్ యు నో?"

"తెలుసు."

"దెన్ వై డిడ్ యు లెట్ మీ గో?"

చెప్పాననే అనొచ్చు. కానీ ఎలా చెప్పాను? ఏదైనా ఒక్కసారి చెప్పి ఊరుకోవడం ఈ పదిహేనేళ్ళలో నేర్చుకున్నాను. రెండోసారి చెబితే సాధింపంటారు, మూడోసారికి గొడవంటారు. పడబోయే వాన గురించి కూడా అలాగే ఒక్కసారి చెప్పి, పులిహోర కట్టి పంపించాను. నా మాటని వికాస్ ఒక్కడే తీసేయలేదు.

మధ్యాహ్నం వికాస్ మెసేజ్ పెట్టాడు: 'కొండంతా ఫుల్ అయింది. గుడ్ జాబ్. వచ్చే వారం క్లోజింగ్ డే, అదే టోన్‌లో రాయండి.'

నా భుజం మీదుగా గోపీకృష్ణ చదివాడు. "ఇప్పుడు గొడవ పెట్టుకోకు, రాగిణీ. ఇంకో ఉద్యోగం అంత ఈజీగా రాదు."

అది నిజమే. ఆ నిజం తెలిసే ఫోన్ తీసుకున్నాను. దెబ్బ తగిలినవాళ్ళని కొండ మీద నుంచి కిందికి చేర్చే స్కీ గస్తీవాళ్ళ ఆఫీసు నంబరు కలిపాను. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"నా పేరు రాగిణి. మీ కొండకి ఫోర్‌కాస్ట్ రాసేది నేనే" అన్నాను. "నిన్న వాన పడుతుందని నాకు ముందే తెలుసు."