కాలువలో పడిన మాట

వేములపల్లి దగ్గర సాగర్ కాలువ గట్టున బట్టలుతికే ఆడవాళ్లు గుట్టు మాటలు మాట్లాడుకోరు. అక్కడ అన్న మాట నీళ్లలో పడి కోదాడ దాకా పోతుంది. దిగువన బిందె ముంచినవాళ్లకు వినబడుతుంది. అందుకే స్వరూప కూడా ఆ గట్టు మీద స్కూటీ నడుపుతూ ఫోనొస్తే ఎత్తదు. ఆమె మిర్యాలగూడ దవాఖానలో టీబీ రోగుల మంచిచెడ్డలు చూసే సోషల్ వర్కర్.

ఆ గట్టు పక్క తండాలో అంగన్‌వాడీ ఆయమ్మ పుష్పాబాయికి టీబీ అని తేలింది. "ఎవ్వలకు చెప్పకు మేడం, కొలువు పోతది" అని ఏడిస్తే, స్వరూప సరేనని మాటిచ్చింది. నయమయ్యేదాకా పిల్లల దగ్గరికి పోవద్దని మాత్రం గట్టిగా చెప్పింది.

కొన్నాళ్లకు వచ్చి చూస్తే పుష్పాబాయి ఇంటికి తాళం. అంగన్‌వాడీ సెంటర్లో దగ్గుకుంటూ ఓ చంటిదానికి అన్నం తినిపిస్తోంది. స్వరూప బయటికొచ్చి తన పెద్దాఫీసర్ సురేందర్‌కు ఫోన్ చేసింది.

"సెంటర్ టీచర్‌కు చెప్పెయ్. ఆమెను అడిగేదేంది?"

"మాటిచ్చిన సార్."

"మరి పోరగాండ్లకేమన్నయితే?"

స్వరూప పుష్పాబాయిని బయటికి పిలిచింది.

"నేను మాటియ్యకుండ ఉండాల్సింది, తప్పు నాదే. టీచర్‌కు చెప్పాలె. గాని నీ ఎనక చెప్ప. నువ్వే చెప్తనంటే పక్కన నిలబడ్త."

"నిన్ను నమ్మిన గద మేడం!"

పుష్పాబాయి విసవిసా కాలువ వైపు నడిచింది. స్వరూప పరుగెత్తింది. అప్పటికే పుష్పాబాయి మెట్లు దిగి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడింది. స్వరూప కూడా దిగి, పక్కన నిలబడి ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. నీళ్లు వడిగా లాగుతున్నాయి. గట్టున ఆడవాళ్లు బట్టలుతకడం ఆపేశారు.

"నాకు టీబీ ఉన్నది" అంది పుష్పాబాయి నీళ్లకేసి, గొంతెత్తి. "మందులు మింగుత. నయమయ్యేదాంక పిల్లల కాడికి పోను. ఇన్నోళ్లు ఏమన్న అనుకోండ్రి."

తర్వాత తడి చీరతోనే పోయి టీచర్ శోభారాణికి చెప్పింది. శోభారాణి పిల్లల హాజరు పుస్తకం ముందుకు లాక్కుంది. "ముందుగాల పిల్లలకు పరీక్షలు చేయించాలె" అంది. "నువ్వు నయమైనంక రా. నీ కొలువు కోసం నేను కొట్లాడుత." ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో స్వరూపకు తెలియదు.

తర్వాతి వారం దవాఖానకు కోదాడ నుంచి ఒకామె కోడల్ని వెంటబెట్టుకొచ్చింది.

"దగ్గు దాచుకుందండీ, పుట్టింటికి పంపేస్తామని. కాలవలో ఎవరో తల్లి మాట వినబడిందంట, బిందె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఎగువన ఆవిడ మందులు తీసుకునే చోటికే పోదామని ఒకటే పట్టు."

"గోలీలు ఎప్పుడిస్తరు మేడం?" అని మందుల కోసమొచ్చి బల్ల మీద కూచున్న పుష్పాబాయి అడిగింది.

ఆ గొంతు విని కోడలు గిరుక్కున తిరిగింది. పుష్పాబాయి కాసేపు ఆ పిల్లనే చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది.