కాలు తగిలితే

కొత్త దేశంలో కూతురికి నలుగురు స్నేహితులు దొరుకుతారని, బట్టలు కుట్టే ఆ తల్లి దాన్ని ఫుట్‌బాల్‌లో చేర్పించింది. పిల్ల జింకలా పరుగెత్తేది. చిక్కల్లా ఒక్కటే. తన కాలు ఎవరికి తగిలినా ఠక్కున ఆగి, వాళ్ళని తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకునేది. నడక వచ్చినప్పటినుంచీ తల్లి పట్టుబట్టి నేర్పిన అలవాటది. ఈలోగా బంతి వెళ్ళి వీళ్ళ గోల్‌లోనే పడేది. జట్టులో పిల్లలు తలలు పట్టుకునేవాళ్ళు.

ఓ రోజు తల్లికి ఒళ్ళు మండిపోయింది. మైదానం అంచునుంచే అరిచింది.

"ఆ దణ్ణాలు ఆపి ముందు బంతి తన్నవే!"

"నువ్వే కదమ్మా నేర్పావు!"

"ఇప్పుడు నేనే చెబుతున్నా, మానెయ్!"

పిల్ల మానేసింది. గోల్ కొట్టింది. కొత్త స్నేహితురాళ్ళు ఇంటిదాకా రావడం మొదలైంది.

ఓ సాయంత్రం తల్లి నేలమీద కూర్చుని పిల్ల ఆట నిక్కరుకి అంచు కుడుతోంది. కిందనుంచి స్నేహితురాళ్ళు కేకేశారు. ఒక్క పరుగున వెళ్తున్న కూతురి కాలు ఆమె మోకాలికి గట్టిగా తగిలింది. తల్లి సూది ఆపి, అలవాటు కొద్దీ మోకాలు కాస్త ముందుకు జరిపింది.

తలుపు దభాలున మూసుకుంది. పిల్లకి ఆట బాగానే వంటబట్టింది.