తుకిరన్ మెడకు రావలసిన దెబ్బ

పొద్దుగుంకగానే పంక్చర్ల కొట్టు మూసి, వేయించిన సోయాగింజల టెంపే ముక్కలు రెండు నోట్లో వేసుకుని, తుకిరన్ టెలిస్కోపుతో డాబా ఎక్కేవాడు. డ్రైనేజీ గొట్టం, తనే కూర్చుని అరగదీసుకున్న అద్దం, ఒక పాత కెమెరా, అంతే సరంజామా. మెడకు మాత్రం లారీ టైరు పట్టీ. అన్నం తిన్నా, నమాజు చేసినా అది తీసేవాడు కాదు. తీస్తే చస్తాడు మరి.

బన్యువాంగి పట్నం దగ్గర ఆ ఊళ్లో కోపంతో కొట్టిన దెబ్బ వెంటనే తగలదు. ఎప్పుడో తీరిగ్గా వస్తుంది. తుకిరన్ నాన్నకి చిన్నప్పుడు పడ్డ చెంపదెబ్బ పెళ్లినాడు తగిలింది. పన్ను ఊడి ఒళ్లో పడితే, నెత్తుటి నోటితోనే పెళ్లికి ఒప్పుకున్నానన్నాడు పాపం.

తుకిరన్ పెళ్లాం పొనియాకి అన్న మిస్నాది. అతనిది డ్రాగన్ పండ్ల తోట. రాత్రంతా దీపాలు వెలిగితేనే దానికి పూత. ఆ వెలుగుకి ఆకాశం పాలిపోయి, తుకిరన్ ఎన్నేళ్లు తీసినా ఫోటోలో తను కోరుకున్న గెలాక్సీకి బదులు బూడిదే పడేది. నిరుడు ఉండబట్టలేక కర్ర పట్టుకెళ్లి దీపాలన్నీ పగలగొట్టాడు. మిస్నాది అతన్ని బురదలో పడేసి, మోకాలితో అదిమి, మెడ మీద కొడవలి వేశాడు. గాలిలో పోయినట్టు పోయింది కొడవలి. చుక్క నెత్తురు రాలేదు. అయినా చూసినవాళ్లంతా పొనియాని పట్టుకుని ఏడ్చారు.

మిస్నాది కోపం వారంలో చల్లారింది. దెబ్బ మాత్రం బయల్దేరిపోయింది, వెనక్కి పిలిచే దారి లేదు. ఏడాదంతా మొహం చాటేసి, చివరికి దీపాలార్పి డాబా ఎక్కాడు.

"పూత పోతే పోయింది. నువ్వు పోయేలోగా నీ గెలాక్సీ ఫోటో ఏదో తీసుకోరా."

"ఎంత చల్లని మాటన్నావు బావా," అని తుకిరన్ నవ్వి, పనిలో పడ్డాడు.

పడింది ఫోటో! గోధుమగింజంత వెలుగు సుడి. ఆ సంబరంలో కెమెరా ఊడదీసి, బావకి కంటితోనే చూపిస్తానని గొట్టం పక్కనున్న రంధ్రం మీదికి వంగాడు. టైరు పట్టీ అడ్డొచ్చింది. మిస్నాది వద్దంటున్నా లాగి పారేశాడు.

ఈల వేసినట్టు చప్పుడు. తన కొడవలి చప్పుడు మిస్నాదికి తెలియదా? జుట్టు పట్టి తుకిరన్ని వెనక్కి గుంజాడు. చెవి తమ్మె తెగి నేల మీద పడింది. దెబ్బ ఆ రంధ్రంలో దూరి, అడుగు అద్దాన్ని ఫెళ్లున పగలగొట్టి, వెలుగొచ్చిన దారినే గొట్టం మూతిలోంచి పైకి పోయింది.

పొనియా పరుగున వచ్చి, మొగుడి చెవికి గుడ్డ అదుముతూ అన్నని తిట్టిపోసింది. మిస్నాది వినడం లేదు. ఫోటోలో గింజనే చూస్తున్నాడు.

"ఆ దెబ్బ అక్కడికెప్పటికి చేరుతుందిరా?"

"వెలుగు రావడానికే కోట్ల ఏళ్లు పట్టింది బావా."

"మనుషులుంటారా?"

"ఉంటే ఉండొచ్చు."

మిస్నాది టైరు పట్టీ చేతిలోకి తీసుకుని పైకి చూశాడు.

"మెడలు జాగ్రత్తని వాళ్లకి చెప్పే దారేమైనా ఉందంటావా?"